మూడో తరగతి పాపకి బ్రౌజర్‌లో ఆడుకునే మంచి చదువు ఆటలు ఏవైనా ఉన్నాయా?

ఖమ్మం అమ్మ

అందరికీ నమస్కారం. మా పాపకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి, ఇంగ్లిష్ మీడియం. ఫోన్ ఇస్తే చిన్న చిన్న వీడియోల్లోకి వెళ్లిపోయి పిలిచినా పలకడం లేదని ఫోన్ మానిపించేశాం. ఇంట్లో మా తమ్ముడు వాడి ఇచ్చిన పాత లాప్‌టాప్ ఒకటి ఉంది, 4 జీబీ ర్యామ్. పెద్ద గేమ్‌లు ఏవీ ఎక్కించలేం కానీ బ్రౌజర్ బాగానే నడుస్తుంది, అందుకని రోజూ సాయంత్రం అరగంట బ్రౌజర్‌లోనే ఏవైనా చదువుకి పనికొచ్చే ఆటలు ఆడిద్దాం అనుకున్నాం.

మా వదిన వాళ్ల అబ్బాయి చిన్నప్పుడు ఆడిన సైట్ల పేర్లు ఒక కాగితం మీద రాసి ఇచ్చింది. వాటిలో సగం తెరిస్తే ఆట ఉండాల్సిన చోట బూడిద రంగు డబ్బా తప్ప ఏమీ రావడం లేదు. ఒకటి రెండు ఏదో ప్లేయర్ అప్‌డేట్ చేయమని అడుగుతున్నాయి. చేయాలా వద్దా తెలియక వదిలేశాను.

పనిచేసేవాటితో ఇంకో ఇబ్బంది. నిన్న వంట ఆపి పక్కన కూర్చుని చూశాను. ఎక్కాల ఆట, 7 × 6 ఎంత అని పైన అడుగుతుంది, కింద నాలుగు బెలూన్లు, ఒక్కోదాని మీద ఒక్కో అంకె. పాప ప్రశ్న వైపు చూడనే లేదు. ఎడమ చివర నుంచి వరసగా బెలూన్లు నొక్కుకుంటూ పోయింది, మూడోది పేలింది, చప్పట్లు వినిపించాయి, ఒక నక్షత్రం వచ్చింది. మళ్లీ తర్వాతి ప్రశ్నకీ అంతే. ఇరవై నిమిషాల్లో నలభై నక్షత్రాలు తెచ్చుకుని "అమ్మా చూడు" అని ఎంత సంబరంగా చూపించిందో. లాప్‌టాప్ మూసేసి, ఏడు ఆర్లు ఎంతమ్మా అని అడిగితే మొహం చూసింది.

నాకు చాలా బాధేసింది, ఎందుకంటే నేను రోజూ లెక్కలు నేర్చుకుంటోంది అనుకుంటూ పక్కగదిలో నా పని చేసుకుంటున్నాను. డబ్బు కట్టేవి వద్దు, ప్రకటనలు తక్కువ ఉండాలి. మీ పిల్లలు నిజంగా ఏమైనా నేర్చుకున్న సైట్లు ఉంటే చెప్పండి ప్లీజ్.

లెక్కల మాస్టారు

అమ్మా, నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మీ పాప తప్పేం లేదు. ఆ ఆటలో గెలవడానికి లెక్క అక్కర్లేదని తను కనిపెట్టేసింది, అంతే. నేను ఏ ఆటనైనా ముందు ఒక విధంగా పరీక్షిస్తాను. ఆ 7 × 6 తీసేసి అక్కడ ఏదో దేశం రాజధాని పేరు అడిగినా ఆట అలాగే నడుస్తుందా అని చూస్తాను. నడిస్తే అది బెలూన్ల ఆట, పైన లెక్క అంటించారు. లెక్క తీసేస్తే ఆటే మిగలకూడదు, అలాంటిది వెతకాలి.

నాకు తెలిసినంతలో ఈ పని బాగా చేసినవాళ్లు ఫెట్ (PhET) అనే సైట్ వాళ్లు. అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ, బౌల్డర్‌లో, 2002లో కార్ల్ వీమన్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ మొదలుపెట్టారు. ఆయనకి అంతకు ముందు ఏడాదే నోబెల్ వచ్చింది. అంతా ఉచితం, ఆడుకోవడానికి లాగిన్ కూడా అడగరు. పేరుకి సిమ్యులేషన్లు అంటారు కానీ పిల్లలకి అవి ఆటలే, చాలావాటిలో గేమ్ అని వేరే విభాగం కూడా ఉంటుంది. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి, తెలుగు మీడియం పిల్లలున్నవాళ్లు భాష మార్చుకుని చూడండి.

ఒక్కటి చెబుతాను. ఆరో తరగతిలో ఏటా అడుగుతాను, ఎనిమిదో వంతు పెద్దదా నాలుగో వంతు పెద్దదా అని. సగానికి పైగా ఎనిమిదో వంతే పెద్దదంటారు, నాలుగు కన్నా ఎనిమిది పెద్దది కాబట్టి. బోర్డు మీద ఎంత చెప్పినా ఆ పూటకి సరే అంటారు, వారం తిరగ్గానే మళ్లీ అదే జవాబు. ఫెట్‌లో భిన్నాల సిమ్యులేషన్ ఉంది, దాన్ని తెరిచి ఒక పిల్లని పిలిచి కూర్చోబెట్టాను. హారం పక్కన బాణం ఉంటుంది, దాన్ని నొక్కేకొద్దీ వృత్తం నాలుగు ముక్కలు, ఐదు, ఆరు, అలా ఎనిమిది ముక్కలవుతుంది, కింద బుట్టలో ఉన్న ముక్క కూడా దాంతోపాటే సన్నబడిపోతుంది. ఆ పిల్ల పైకీ కిందికీ ఓ పదిసార్లు నొక్కింది. నేనేమీ చెప్పలేదు. చివరికి నా వైపు తిరిగి "ఎక్కువ మందికి పంచితే తక్కువే కదా సార్ వచ్చేది" అంది. ఏడాది తర్వాత అడిగినా మర్చిపోలేదు.

ఇంకో మంచి సంగతి, వీటిని డౌన్‌లోడ్ చేసుకుంటే ఒక్కోటి ఒక్క ఫైలే. మా స్కూల్లో నెట్ ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. నేను ఇంట్లో దించుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళతాను, డబుల్ క్లిక్ చేస్తే బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, నెట్‌తో పనిలేదు. మీ పాత లాప్‌టాప్‌కి ఇది బాగా పనికొస్తుంది, పైగా నెట్ ఆపేసి ఇస్తే ప్రకటనల గొడవే ఉండదు.

మీ పాప వయసుకి భిన్నాలు, అంకెలు కలిపి పది చేయడం, వైశాల్యం డబ్బాలతో కట్టడం, బల్ల మీద బరువులు తూచడం, ఈ నాలుగూ చాలు. బరువులది ముఖ్యంగా ఆడించండి. పార్కులో పిల్లలు ఎక్కే తూగుబల్ల లాంటిది ఉంటుంది, ఒకవైపు పది కిలోల ఇటుకలు మీటరు దూరంలో పెడితే రెండోవైపు ఐదు కిలోలు ఎక్కడ పెట్టాలో తనే వెతుక్కోవాలి. రెండు మీటర్ల దగ్గర పెట్టగానే బల్ల నిలబడుతుంది. గుణకారం అక్కడ తనంతట తనే వస్తుంది.

సిస్టమ్ అడ్మిన్, కూకట్‌పల్లి

ఆ బూడిద డబ్బాల సంగతి నేను చెబుతాను అక్కా. అవన్నీ ఫ్లాష్ అనే పాత సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఆటలు. 2020 డిసెంబర్ 31తో దాని కంపెనీ అడోబ్ దాన్ని ఆపేసింది, 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్ తనలో ఏదీ నడవకుండా అడ్డుకోవడం మొదలుపెట్టింది, బ్రౌజర్లు కూడా తీసేశాయి. అప్పటి పిల్లల సైట్లలో చాలావరకు దాని మీదే నడిచేవి. ఓపిక ఉన్నవాళ్లు తమ ఆటల్ని ఇప్పటి బ్రౌజర్లు నేరుగా నడిపించే హెచ్‌టీఎంఎల్5లో మళ్లీ రాసుకున్నారు, మిగతావాళ్లు అలాగే వదిలేశారు. కొన్ని సైట్లలో పాత ఫ్లాష్ ఆటల్ని ఇప్పటి బ్రౌజర్‌లో నడిపించే రఫుల్ అనే ఎమ్యులేటర్ పెట్టారు, అవి మాత్రం మనం ఏమీ చేయకుండానే తెరుచుకుంటాయి.

ఇప్పుడు ఏ సైటైనా ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ చేయమని అడిగిందంటే అది మోసం. ఆ పేరుతో అప్‌డేట్ అనేది లేదు. నొక్కకుండా వదిలేసి చాలా మంచి పని చేశారు, ఎవరైనా ఇప్పటికే నొక్కి ఉంటే వెంటనే ఆ ప్రోగ్రామ్ తీసేసి యాంటీవైరస్‌తో స్కాన్ చేయించండి.

ప్రకటనల గురించి నా అనుభవం ఒకటి. మా అబ్బాయి రెండో తరగతిలో ఒక ఆటల సైట్‌లో రంగులేసే ఆట ఆడుకుంటున్నాడు, నా ఫోన్‌లో. ఆట మొదలవడానికి 'స్టార్ట్' అని ఒక ఆకుపచ్చ బటన్, దాని కిందే అదే రంగులో ఇంకో 'స్టార్ట్', రెండోది ప్రకటన. వాడు రెండోది నొక్కాడు, తర్వాత వచ్చినదాన్ని కూడా నొక్కాడు. ఆ రోజు నుంచి నా ప్రీపెయిడ్ బ్యాలెన్స్‌లోంచి రోజుకి కొన్ని రూపాయలు పోతూ వచ్చాయి, మూడు వారాల తర్వాత కానీ నేను గమనించలేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే మీరే సబ్‌స్క్రయిబ్ చేసుకున్నారు అన్నారు. ఏడేళ్ల పిల్లాడికి రెండు ఆకుపచ్చ బటన్లలో ఏది ఆటో ఏది ప్రకటనో తెలుస్తుందని ఎలా అనుకుంటారు? నాకు ఇప్పటికీ ఆ సైట్ తయారుచేసినవాళ్ల మీద కోపం పోలేదు.

లాప్‌టాప్‌లో చేయాల్సినవి చెబుతాను. పాపకి విండోస్‌లో వేరే అకౌంట్ పెట్టండి, అడ్మిన్ అధికారం ఇవ్వకండి, అప్పుడు పొరపాటున ఏది నొక్కినా చాలావరకు పాస్‌వర్డ్ అడిగి ఆగిపోతుంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వేసుకుని అందులో ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ పెట్టుకోండి. క్రోమే కావాలంటే ఇప్పుడు అందులో యూబ్లాక్ లైట్ రకం దొరుకుతుంది, అదీ ఫర్వాలేదు. ఇంట్లో వైఫై రూటర్ ఉంటే దాని సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్ (సైట్ల చిరునామాలు వెతికిపెట్టేది) దగ్గర 1.1.1.3 అని రాయండి. అది క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ కంపెనీ వాళ్లు కుటుంబాల కోసం 2020లో పెట్టినది, పెద్దల సైట్లనూ వైరస్ సైట్లనూ ఇంటి మొత్తానికి ఆపేస్తుంది. ప్రకటనల్ని ఆపదు, అది యూబ్లాక్ పని.

పుట్టినరోజు, స్కూల్ పేరు, ఫొటో అడిగే సైట్ అయితే అక్కడితో మూసేయండి. మన దేశంలో 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టంలో 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలనీ, పిల్లల్ని గమనించి వాళ్లకి గురిపెట్టిన ప్రకటనలు చూపించకూడదనీ రాసి ఉంది. అయినా ఆటల సైట్లు ఎక్కువ బయటి దేశాలవి, మన జాగ్రత్త మనం పడాలి. భిన్నాలు నేర్పడానికి పుట్టినరోజుతో ఏం పని?

డల్లాస్ నుంచి

మాస్టారు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను ఇంకో వైపు నుంచి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇక్కడి పిల్లల సైట్లన్నీ మా బాబు ఆడినవే.

ప్రకటనలు లేకుండా ఉచితంగా కావాలంటే పీబీఎస్ కిడ్స్ మంచిది, అది ఇక్కడి పబ్లిక్ టీవీ వాళ్లది. చదవడం ఇంకా రాని చిన్నపిల్లలకి స్టార్‌ఫాల్ బావుంటుంది, అక్షరం నొక్కితే దాని శబ్దం పలుకుతుంది, కొంత భాగం ఉచితం, మిగతాదానికి డబ్బు కట్టాలి. కానీ ఇవన్నీ అమెరికా పిల్లల కోసం చేసినవని గుర్తుంచుకోండి అండీ. డబ్బుల ఆట అంటే క్వార్టర్లు, డైమ్‌లు, నికెల్‌లు. కొలతలంటే అంగుళాలు, అడుగులు, పౌండ్లు. ఖమ్మంలో పిల్లకి అవి అదనపు బరువే తప్ప ఒరిగేదేమీ ఉండదు.

అంకెలు కూడా అంతే. ఇక్కడ మూడు లక్షల్ని 300,000 అని కామా పెడతారు, అక్కడ స్కూల్లో 3,00,000. మా బాబు ఎండాకాలం సెలవులకి గుంటూరు వచ్చినప్పుడు వాళ్ల తాతయ్య మిర్చి పంట లెక్కలు రాసుకున్న పుస్తకం తీసి, కామాలన్నీ తప్పుగా పెట్టావు తాతయ్యా అని పెన్సిల్‌తో దిద్దబోయాడు. అప్పుడు ఆయన ఒడిలో కూర్చోబెట్టుకుని వేలు, పదివేలు, లక్ష, పది లక్షలు, కోటి అని వేళ్ల మీద లెక్కపెట్టించారు. ఇప్పుడు వాడికి రెండూ వచ్చు. మీ పాపకి స్థానవిలువల ఆట ఇచ్చేటప్పుడు మాత్రం మిలియన్లు వచ్చే సైట్ ఇవ్వకండి, చిన్న తరగతుల్లోనే మన లక్షలూ కామాలూ కుదురుకునే సమయం, అప్పుడు రెండు రకాలు కలిపితే పరీక్షలో తడబడతారు.

ఒక్క విషయంలో మాస్టారు గారితో కొంచెం విభేదిస్తాను. ఎక్కాలు మాత్రం చెప్పి చెప్పి నోటికి రావాల్సిందే, దానికి ప్రశ్న జవాబుల ఆట కూడా పనికొస్తుంది. కాకపోతే నాలుగు జవాబులిచ్చి ఎంచుకోమనేది కాకుండా అంకె టైప్ చేయమనే ఆట చూడండి. టైప్ చేయాలంటే గుడ్డిగా నొక్కడం కుదరదు. గడియారం టిక్ టిక్ అనేవి కూడా మొదట్లో వద్దు, మా బాబుకి ఆ టైమర్ చూస్తేనే టెన్షన్ వచ్చి తెలిసిన జవాబులు కూడా తప్పు కొట్టేవాడు. టైమర్ ఆపేసే వీలున్న సైట్‌కి మారాక నెల రోజుల్లో పన్నెండో ఎక్కం దాకా వచ్చేసింది.

సిద్దిపేట

మ్యాప్ ఆటలు ఇచ్చేముందు మీరొకసారి ఆడి చూడండి. మా పాప ఆడిన ఒక ఇండియా మ్యాప్ ఆటలో తెలంగాణ లేనే లేదు, ఆంధ్రప్రదేశ్ మొత్తం ఒక్క ముక్కే. 2014 జూన్ 2కి ముందు చేసి వదిలేసింది అన్నమాట. సిద్దిపేట ఏ రాష్ట్రంలో ఉందని ఆట అడిగితే తను తెలంగాణ అని వెతికి వెతికి కనపడక నన్ను పిలిచింది. తప్పు నీది కాదు బిడ్డా, ఆటది అని చెప్పడానికి పావుగంట పట్టింది, కంప్యూటర్ తప్పు చెప్పదని పిల్లల నమ్మకం. లద్దాఖ్ 2019 అక్టోబర్ 31న వేరే అయింది, 2020లో దాద్రా నగర్ హవేలీ, డామన్ డయ్యూ కలిశాయి. 28 రాష్ట్రాలు, 8 కేంద్రపాలిత ప్రాంతాలు ఉన్నాయో లేదో లెక్కపెట్టుకుని అప్పుడు ఇవ్వండి.

గాజువాక నాన్న

లెక్కల సంగతి అందరూ చెప్పారు, నేను ఆలోచన నేర్పే ఆట ఒకటి చెబుతాను. బ్లాక్‌లీ గేమ్స్ అని గూగుల్‌లో పనిచేసేవాళ్లు చేసింది. లాగిన్ లేదు, ప్రకటన లేదు. అందులో మేజ్ అనే ఆటతో మొదలుపెట్టండి. చిన్న బొమ్మని దారి వెంట గమ్యానికి నడిపించాలి, కానీ బాణం మీటలతో కాదు. ముందుకు వెళ్లు, ఎడమకి తిరుగు అని రాసి ఉన్న బ్లాకుల్ని ఒకదాని కింద ఒకటి అతికించి, అంతా పేర్చాక నడిపించు అనాలి.

మొత్తం పది మెట్లు. మూడో మెట్టు దగ్గర మా వాడు రెండు రోజులు ఆగిపోయాడు. దారి పొడుగ్గా ఉంటుంది, ఇచ్చేది మాత్రం రెండే బ్లాకులు. ముందుకు వెళ్లు అనేది నాలుగైదుసార్లు పేర్చడానికి లేదు. నాన్నా చెప్పెయ్ అని నా చొక్కా పట్టుకుని లాగాడు, నేను నోరు కట్టేసుకున్నాను, అది చాలా కష్టం, నిజంగా చెబుతున్నాను. రెండో రోజు రాత్రి పళ్లు తోముకుంటూ "చేరేదాకా నడువు అని ఒక్కసారి చెబితే చాలు కదా" అని నోట్లో బ్రష్‌తోనే పరిగెత్తుకొచ్చాడు. పదో మెట్టు ఇప్పటికీ మా ఇంట్లో పెద్దవాళ్లకే చిక్కు, ఎడమ గోడ పట్టుకుని నడవమని మాత్రం సూచన ఇస్తుంది.

ఇది అయ్యాక, ఇలాగే బ్లాకులు పేర్చి సొంత ఆటలు తయారుచేసుకునే స్క్రాచ్‌కి వెళ్లండి. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు 2007లో తెచ్చింది, ఎనిమిది నుంచి పదహారేళ్ల పిల్లల కోసం అని వాళ్లే చెబుతారు, అంటే మీ పాపకి సరిగ్గా ఇప్పుడే మొదలు. అకౌంట్ లేకుండానే ఆట తయారుచేసుకుని లాప్‌టాప్‌లో దాచుకోవచ్చు. మా వాడు దాంట్లో వైకుంఠపాళి చేస్తున్నాడు, పాము నోట్లో పడితే కిందికి దిగాలి కదా, ఆ ఒక్క భాగానికి వారం పట్టింది, ఆ వారంలో వాడు వేసిన కూడికలూ తీసివేతలూ నేను ఎప్పుడూ బతిమాలి చేయించలేకపోయాను.

చదరంగం ఇష్టమైతే లిచెస్ ఉంది. పూర్తిగా ఉచితం, ప్రకటనలు లేవు, అకౌంట్ లేకుండా కంప్యూటర్‌తో ఆడుకోవచ్చు. అకౌంట్ తీస్తే మాత్రం సెట్టింగ్స్‌లో కిడ్ మోడ్ అని ఉంటుంది, అది పెట్టండి, తెలియనివాళ్ల చాటింగ్ మెసేజ్‌లు ఏవీ రావు.

ఖమ్మం అమ్మ

పన్నెండు రోజులైంది, అందరికీ జవాబు చెప్పాలని వచ్చాను. ఆ కాగితం చింపేశాను. కూకట్‌పల్లి తమ్ముడు చెప్పినట్టు పాపకి వేరే అకౌంట్ పెట్టించాను, ఫైర్‌ఫాక్స్ కూడా. మాస్టారు గారూ, మీరు చెప్పిన నాలుగూ దించుకుని డెస్క్‌టాప్ మీద పెట్టాను, నెట్ ఆపేసే ఇస్తున్నాను.

మొదటి మూడు రోజులు గొడవే. నక్షత్రాలేవి, చప్పట్లేవి అని ఏడ్చింది. నాలుగో రోజు నేను పక్కన కూర్చుని, నాకు రాదు నువ్వే నేర్పించు అని బరువుల ఆట మొదలుపెట్టాను. నేను కావాలని కాదు, నిజంగానే తప్పు చోట పెట్టాను, బల్ల నా వైపు ఒరిగిపోయింది. "అమ్మా బరువు తక్కువైతే దూరం వెళ్లాలి" అని మౌస్ లాక్కుంది. ఇప్పుడు రోజూ మొదటి పది నిమిషాలు నేను పక్కనే కూర్చుంటున్నాను, కూర ఆ పది నిమిషాలు ఆగితే ఏమీ కాదు.

మొన్న ఆదివారం మా అత్తగారు కొబ్బరి బర్ఫీ పళ్లెంలో కోస్తుంటే, మనం ఆరుగురం కదా, పెద్దమ్మ వాళ్లు కూడా వస్తే ముక్క ఎంత చిన్నదవుతుందో అని గీతలు వేలితో గీసి చూపించింది. ఎక్కాలు ఇంకా రావాలి. ఏడో ఎక్కం మధ్యలో ఆగుతోంది. డల్లాస్ మేడమ్ గారూ, టైప్ చేసే ఆటల్లో టైమర్ ఆపే బటన్ సాధారణంగా ఎక్కడ ఉంటుంది? నేను చూసిన రెండిట్లో కనపడలేదు.

డల్లాస్ నుంచి

ఆట మొదలయ్యే ముందు స్థాయి ఎంచుకునే చోట చూడండి, ప్రాక్టీస్ అనో రిలాక్స్ అనో రాసి ఉంటుంది, అది నొక్కితే గడియారం రాదు. అది కూడా లేకపోతే ఆ సైట్ వదిలేయండి. నేనైతే ఏడో ఎక్కానికి ఒక చిన్న అట్టముక్క స్క్రీన్‌కి టేపుతో అంటించి గడియారం కనపడకుండా చేశాను, రెండు వారాలు అలాగే ఉంచాం.